దెయ్యం ఎప్పుడూ పక్కూరిదే

పోయిన సంచికలో మిమ్మల్ని ఒక్క మాట అడిగాను. మనదైనా, జపాన్‌దైనా, థాయ్‌లాండ్‌దైనా, దెయ్యం సినిమాలో మీలాంటి మనిషి మీకెప్పుడైనా కనబడ్డారా, కనబడితే ఏ వేషంలో కనబడ్డారు అని. ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. అన్నీ చదివాను, కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ఈ పేజీ కొత్తగా చూస్తున్నవాళ్ళకి ఒక మాట. నేనూ మా ఆయనా 1989 నుంచి 2007 దాకా రాజోలులో వీడియో క్యాసెట్ల షాపు నడిపాం. హాంకాంగ్, జపాన్, కొరియా సినిమాలు మాకు మద్రాసు నుంచి రాలేదు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్ళ సూట్‌కేసుల్లో, టాంగ్ డబ్బాల మధ్య, గొడ్డలి మార్కు తైలం సీసాల పక్కన వచ్చాయి. బొమ్మ కింద అరబ్బీ అక్షరాలు, వినబడే మాటలు జపాన్‌వి. రెండూ నాకు రావు. అయినా షాపు కట్టేశాక ఒక్కోటీ మూడేసి సార్లు చూసేదాన్ని. మాటలు అర్థం కానప్పుడు మనుషుల మీదే దృష్టి ఉంటుంది: ఎవరు ఎవరికి అన్నం పెడుతున్నారు, ఎవరు గుమ్మం బయట నిలబడ్డారు, ఎవరు చచ్చాక గానీ నోరు తెరవలేదు. నాకు దెయ్యం సినిమా చూడ్డం అలా అలవాటైంది.

మన దెయ్యమైనా, జపాన్ దెయ్యమైనా తెల్లబట్టలు, విరబోసిన జుట్టు, ఆడమనిషి. మగవాళ్ళు చచ్చిపోరా అండి?
— డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

చచ్చిపోతారు తల్లీ. మన బ్రహ్మరాక్షసుడు మగాడే, ‘అరుంధతి’లో సమాధి బద్దలుకొట్టుకుని లేచిన పశుపతీ మగాడే. అయినా ఎక్కువమంది ఆడవాళ్ళే అన్నది నిజం. దానికి పెద్ద కారణం సినిమా వాళ్ళు పుట్టించింది కాదు. పురిట్లో పోయిన మనిషి అది.

బ్యాంకాక్‌లో ఫ్రా ఖనోంగ్ అనే చోట నాక్ అనే ఇల్లాలి కథ చెప్పుకుంటారు. మొగుడు యుద్ధానికి పోయాడు. ఆమె పురిట్లో బిడ్డతో సహా పోయింది. అతను తిరిగొచ్చేసరికి ఇంట్లో భార్య ఉంది, చంకలో బిడ్డ ఉంది, పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఊరంతా చెప్పినా అతనికి నమ్మబుద్ధి కాలేదు. ఆ కథని థాయ్‌లాండ్ వాళ్ళు ఎన్నిసార్లు సినిమా తీశారో. 1999 నాటి ‘నాంగ్ నాక్’ కన్నీళ్ళు పెట్టిస్తుంది, 2013 నాటి ‘పీ మాక్’ నవ్విస్తూనే ఆమె వైపు నిలబడుతుంది. వాట్ మహాబుట్ అనే బౌద్ధాలయంలో నాక్‌కి మందిరం ఉంది. జనం ఆమెకి బట్టలు, బిడ్డకి బొమ్మలు తెచ్చి పెట్టి మొక్కుకుంటారు. మలయా వాళ్ళకి పొంటియానాక్, ఇండోనేషియా వాళ్ళకి కుంటిలానక్, జపాన్ వాళ్ళకి ఉబుమే, ఉత్తరాది వాళ్ళకి చుడైల్. అందరిదీ పురిటి చావే. ‘పొంటియానాక్’ పేరుతో 1957లో సింగపూర్‌లో తీసిన సినిమాకి దర్శకుడు మన దేశం నుంచి వెళ్ళిన బి.ఎన్.రావు.

మా అమ్మమ్మ చెల్లెలిది లంకలో కాపురం. గోదారి పోటు మీదున్న రాత్రి ఆవిడకి నెప్పులొచ్చాయి. రేవు దాటించే పడవ లేదు, మంత్రసాని అవతలి గట్టున ఉంది. తెల్లారేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు పొద్దుగూకాక ఆ రేవులోకి ఎవరూ దిగేవాళ్ళు కాదు, ఆవిడ పిలుస్తుందని. మా అమ్మమ్మ ఒక్కతే దిగేది. నా చెల్లెలు నన్నేం చేస్తుందే అనేది. ఊరంతా ఆ రేవుకి తాయెత్తు కట్టించింది గానీ రాత్రిపూట ఒక పడవ ఉంచాలన్నవాడు ఒక్కడూ లేడని, చెప్పినప్పుడల్లా కళ్ళు తుడుచుకునేది.

తెల్లబట్టల సంగతి. జపాన్‌లో చనిపోయినవాళ్ళకి తెల్లబట్టలు కట్టి సాగనంపడం ఆచారం, అందుకని అక్కడ ఆ తెలుపు శవానిది. మన తెర మీద తెల్లచీర చూసినప్పుడు నాకు గుర్తొచ్చేది మాత్రం విధవరాలు. అక్కడ చచ్చాక కట్టేదాన్ని ఇక్కడ బతికుండగానే కట్టించారు.

ఆడవాళ్ళు దర్శకులైనప్పుడు ఇదే కథ ఎలా తిరుగుతుందో చూడాలనుంటే అన్వితా దత్ తీసిన ‘బుల్‌బుల్’ (2020) చూడు, చిన్నపిల్లప్పుడే జమీందారు ఇంటి కోడలైన బెంగాలీ అమ్మాయి కథ. మలేషియాలో అమాండా నెల్ యూ తీసిన ‘టైగర్ స్ట్రైప్స్’కి 2023లో కాన్స్ చిత్రోత్సవంలో క్రిటిక్స్ వీక్ విభాగం పెద్ద బహుమతి వచ్చింది. అందులో అమ్మాయి పెద్దమనిషి అవుతుంది, ఒంట్లో పులి లేస్తుంది. భయపడేది చుట్టూ ఉన్నవాళ్ళు.

‘చంద్రముఖి’ తమిళంలో చూశానండి. అందులో దెయ్యం తెలుగావిడ! మన భాషని దెయ్యాల భాష చేశారని మా మిల్లులో పెద్ద చర్చ. మీరేమంటారు?
— రైస్‌మిల్లు గుమస్తా, తణుకు

ఈ ప్రశ్న కోసం నేను చాలా ఏళ్ళుగా చూస్తున్నానండీ.

ఆ కథకి తల్లి 1993లో వచ్చిన మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళు’. అందులో నాట్యకత్తె నాగవల్లి తంజావూరు నుంచి తెచ్చిన తమిళ మనిషి. ఇంటి ఇల్లాలికి పూనినప్పుడు ఆవిడ నోట తమిళం వస్తుంది. అదే కథ 2004లో కన్నడంలో ‘ఆప్తమిత్ర’ అయితే నాట్యకత్తె తెలుగు మనిషి అయింది. 2005లో తమిళంలో ‘చంద్రముఖి’ అయినప్పుడూ తెలుగు మనిషే. ‘రా రా’ పాట ఆ రెండు సినిమాల్లోనూ తెలుగులోనే ఉంటుంది. 2007లో హిందీకి ‘భూల్ భులయ్యా’గా వెళ్తే నాట్యకత్తె బెంగాలీ మంజులిక. మలయాళీకి తమిళం, తమిళుడికీ కన్నడిగుడికీ తెలుగు, హిందీ వాళ్ళకి బెంగాలీ. ఎవరికి వాళ్ళు గట్టు దాటి పక్క చేలోంచి దెయ్యాన్ని తెచ్చుకున్నారు. ‘చంద్రముఖి’ని మనకి డబ్బింగ్ చేసినప్పుడు ఇది మాయమైపోయింది. అందరూ తెలుగే మాట్లాడుతుంటే ఆవిడ ఒక్కతే పరాయిదని ఎలా తెలుస్తుంది? తమిళ హాల్లో వాళ్ళ వీపు జలదరించింది, అర్థంకాని భాష ఒకటి ఆ గొంతులోంచి వచ్చినందుకు.

ఇది అవమానం అని కోపం తెచ్చుకునే ముందు మన పెరడు చూసుకుందాం. మన సినిమాల్లో, మన సీరియల్ నవలల్లో చేతబడి చేసేది ఎవరు? మలయాళ మాంత్రికుడు. వాడు దొరక్కపోతే అడవిలోంచి వచ్చిన కోయవాడు. చిల్లంగి అనగానే మనవాళ్ళ వేలు ఏజెన్సీ వైపు తిరుగుతుంది. అంటే మలయాళీ తమిళ నాట్యకత్తెకి భయపడ్డాడు, తమిళుడు తెలుగు నాట్యకత్తెకి భయపడ్డాడు, మనం తిరిగి మలయాళీకి భయపడ్డాం. ఎవరింట్లోనూ దెయ్యం లేదు, అందరికీ పక్కింట్లోనే ఉంది. ఇంకో సంగతి చెప్తే మీ మిల్లులో చర్చ ఇంకా పెరుగుతుంది. మలయాళంలో తొలి దెయ్యం సినిమాగా చెప్పుకునే ‘భార్గవీ నిలయం’ (1964)లో ఆ భార్గవి వేసింది మన విజయనిర్మల గారు. తర్వాత నలభైకి పైగా సినిమాలకి దర్శకత్వం వహించి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన ఆవిడే.

ఇది మన నాలుగు రాష్ట్రాల జబ్బే కాదు. కొరియా సినిమా ‘ద వెయిలింగ్’ (2016)లో కొండల మధ్య పల్లెకి అంతుపట్టని జబ్బొస్తుంది. ఊరి అనుమానమంతా అడవిలో ఒంటరిగా ఉంటున్న జపాన్ ముసలాయన మీదికి పోతుంది. 1910 నుంచి 1945 దాకా కొరియాని జపాన్ ఏలింది, ఆ గాయం తెలిసినవాళ్ళకి ఆ అనుమానం ఎక్కడిదో వెంటనే తెలుస్తుంది. అనుమానం నిజమా కాదా అన్నదాని మీదే సినిమా అంతా ఊగుతుంది. ఆ పాత్ర వేసిన జపాన్ నటుడు జున్ కునిమురాకి కొరియా వాళ్ళే బ్లూ డ్రాగన్ అవార్డు ఇచ్చారు. అది నాకు చాలా నచ్చింది. హాంకాంగ్ చిత్రం ‘ది ఐ’ (2002)లో చూపులేని అమ్మాయికి కళ్ళు వస్తాయి, కళ్ళతోపాటు దెయ్యాలూ కనబడతాయి. ఆ కళ్ళు థాయ్‌లాండ్ అమ్మాయివి. బతికుండగా ఆ పిల్లని సొంత ఊరే మంత్రగత్తె అని వెలివేసింది.

మీ ప్రశ్నలో నాకు అసలు నొప్పి పుట్టించేది వేరే ఉంది. ఆ చంద్రముఖి ఎవరు? కోట దొర రప్పించుకున్న నాట్యకత్తె. ఆమెకి మనసైనవాణ్ణి చంపారు, ఆమెనీ చంపారు. అడగడానికి అన్నదమ్ములు లేరు, ఆ భాష తెలిసినవాళ్ళు లేరు. మన డెల్టాలో అలాంటి ఆటకత్తెలు కథల్లో కాదు, ఊళ్ళల్లోనే ఉండేవాళ్ళు. ముమ్మిడివరం, మురమండ, బల్లిపాడు కలావంతుల మేళాలు మీ తాతగారిని అడిగితే చెబుతారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ చట్టం వచ్చింది. ఆ తర్వాత ఆ ఆట గుళ్ళోంచీ పోయింది, పెళ్ళి పందిట్లోంచీ పోయింది. ఆడిన మనుషుల్లో చాలామంది ఊరికి ఒక చివర తలుపులు మూసుకుని బతికారు. బల్లిపాడులో సరిదె మాణిక్యాంబ గారు తనకొచ్చిన విద్య తర్వాతి వాళ్ళకి నేర్పి పోయారు, అది మన అదృష్టం. సినిమాకి మాత్రం ఆ ఆడవాళ్ళ నుంచి కావలసింది ఒక తాళం వేసిన గది, ఒక గజ్జెల చప్పుడు. ఆ గదిలో ఆమె ఏం నేర్చుకుంది, ఎవరికి నేర్పింది, ఏ పదం ఎలా పట్టింది అన్నది ఎవరికీ పట్టలేదు. తెలుగు దెయ్యం అన్నందుకు కాదు, తెలుగు నాట్యకత్తెని దెయ్యంగా తప్ప చూపించనందుకు నాకు బాధ.

చనిపోయినవాళ్ళ కళ్ళు పెట్టించుకుంటే దెయ్యాలు కనబడే సినిమా ఒకటి టీవీలో చూసి, మా అత్తగారు నేత్రదానం కాగితం మీద సంతకం పెట్టనంటున్నారు. ఏం చెప్పమంటారు?
— గృహిణి, పాలకొల్లు

అమ్మా, ఆవిడకి ఇది చదివి వినిపించండి. వేరొకరికి అమర్చేది కంటిగుడ్డు మొత్తం కాదు, ముందున్న పల్చటి పారదర్శకమైన పొర ఒక్కటే. ఆ పొరకి జ్ఞాపకాలుండవు. చనిపోయాక ఆరు గంటల లోపు తీసుకోవాలి కాబట్టి ఇంట్లో అందరికీ ముందే తెలిసి ఉండాలి. చూపులేనివాళ్ళకి చూపు రావడం శాపమన్నట్టు తీసిన సినిమాల మీద నాకు గట్టి ఫిర్యాదే ఉంది. జపాన్ చిత్రం ‘క్వైదాన్’ (1964)లో కళ్ళులేని హోయిచి ఉన్నాడు, బీవా వాయిస్తూ యుద్ధకథ పాడతాడు. చచ్చిన వీరులు అతని పాట కోసం రాత్రిళ్ళు కబురు పంపుతారు. అతని గుడ్డితనం కంటే అతని పాట గొప్పదని వాళ్ళకి తెలుసు. నేను చూడమనేది అలాంటివి.

మా నాన్నగారు డప్పు కొట్టేవారు. దెయ్యం సినిమాల్లో మావాళ్ళు కనబడేది పూనకం సీన్లో డప్పు కొట్టడానికే. దెయ్యాలు జమీందార్ల బంగళాల్లోనే ఎందుకుంటాయి? మా పేటలో చావులు చావులు కావా?
— కాలేజీ లెక్చరర్, పి.గన్నవరం

మీ ఉత్తరం చదివాక రెండు రోజులు నేనేమీ రాయలేదండీ.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పిల్లలకి దెయ్యాలుండే చోట్లు నోటికి వచ్చేవి. పుంత దాటాక తాడిచెట్ల వరస, అక్కడ కొరివి దెయ్యం. కాలువ మలుపులో చింతచెట్టు, దాని మీద కామినీ పిశాచం. శ్మశానం దాటి అసలు అడుగు పెట్టకూడదు. పెద్దయ్యాక, పెళ్ళయ్యాక, ఒకసారి ఆ చోట్లన్నీ మనసులో వరసగా పెట్టుకుని చూశాను. అన్నీ పేటకి వెళ్ళే దారిలోనే ఉన్నాయి. మా అగ్రహారం చెరువులో ముగ్గురు పడి చచ్చారు, ఆ చెరువుకి దెయ్యం లేదు. కరణంగారి నూతిలో ఒక కోడలు దూకింది, దానికీ లేదు. మమ్మల్ని అటు పోనివ్వకుండా ఆపడానికి అంటు, మైల అన్న మాట ఎవరూ పిల్లల ముందు అనక్కర్లేకపోయింది. దెయ్యం అంటే సరిపోయింది. ఆ దారిన రోజూ చీకట్లో కూలికి వెళ్ళి చీకట్లో తిరిగొచ్చే ఆడవాళ్ళున్నారు. వాళ్ళకి దెయ్యం భయం ఉండదా అని మేం ఎప్పుడూ అడగలేదు.

సినిమాలో బంగళా ఎందుకంటే, కథ చెప్పేవాడు బంగళాలోంచి కిటికీ తీసి చూస్తున్నాడు కాబట్టి. అతనికి భయం బయటి నుంచి లోపలికి వస్తుంది. జపాన్‌లో కనెటో షిండో 1968లో తీసిన ‘కురొనెకో’ ఆ కిటికీని తిప్పేసింది. వెదురు తోపు పక్కన గుడిసెలో అత్తా కోడళ్ళు. కొడుకుని యుద్ధానికి లాక్కుపోయారు. ఆకలితో వచ్చిన సమురాయిల గుంపు వాళ్ళ మీద పడి, చంపి, గుడిసె తగలబెట్టి పోతుంది. ఆ ఇద్దరూ దెయ్యాలై ఒక్కొక్క సమురాయినీ పిలిచి చంపుతారు. సమురాయి అయి తిరిగొచ్చిన ఆ కొడుకునే ఆ దెయ్యాల్ని చంపడానికి దొర పంపుతాడు. ఆ సినిమాలో నేను ఒక్క క్షణం కూడా దెయ్యానికి భయపడలేదు, గుర్రాల డెక్కల చప్పుడుకి భయపడ్డాను.

మన దగ్గర ఈమధ్య మలయాళ ‘భ్రమయుగం’ (2024) ఉంది. నలుపు తెలుపుల్లో తీశారు. పాణన్ కులపు గాయకుడు తేవన్ ప్రాణం అరచేత పట్టుకుని పారిపోతూ పాడుబడ్డ ఇంట్లోకి వస్తాడు, ఇంటి పెద్ద అతని చేత పాడించుకుంటాడు, అన్నం పెడతాడు, పాచికలాటకి కూర్చోబెడతాడు. ఓడినవాడికి ఇక బయటికి దారి లేదు. అధికారం అంటే ఏమిటో అంత చిన్న ఆటలో చూపించారు. ఇంటి పెద్దగా వేసిన మమ్ముట్టి గారిని అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకుంటాను, కానీ ఆ సినిమా తేవన్ కళ్ళతో నడుస్తుంది.

శవం ముందు డప్పు కొట్టేవాడు, గొయ్యి తవ్వేవాడు, కాటి దగ్గర కర్రతో కూర్చునేవాడు. ఊళ్ళో చావుకి అందరికంటే దగ్గర మసిలినవాళ్ళు వీళ్ళే, తెర మీద చావు గురించి ఒక్క మాటా చెప్పనివ్వనిదీ వీళ్ళనే. రాత్రి శవం ముందు కొట్టి, తెల్లారగట్ల ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక మీ నాన్నగారు ఏం చెప్పేవారో నాకు తెలుసుకోవాలనుంది. మన దెయ్యం సినిమా అక్కణ్ణించి మొదలవ్వాలని నా కోరిక.

‘మసూద’ వచ్చాక మా పక్కింటి చిన్నపాప నా బురఖా చూసి వాళ్ళమ్మ వెనక దాక్కుంది. సినిమా బాగుందని నాకూ అనిపించింది. కానీ ఆ పాప దాక్కోవడం మర్చిపోలేకపోతున్నాను.
— నర్సు, నగరం

ఆ రెండూ నిజమే చెల్లెమ్మా. ‘మసూద’ (2022) మంచి సినిమా. ఒంటరి తల్లి కూతురి కోసం చేసే పోరాటం, ఆ తల్లిగా సంగీత నటన నాకు గుర్తుండిపోయాయి. అందులో ఆ కూతుర్ని పట్టుకున్న దెయ్యం మసూదా ముస్లిం మనిషే, విడిపించేదీ ముస్లిం పెద్దాయనే. ‘అరుంధతి’లో దారి చూపించేది ఫకీరు అన్వరే. మన సినిమా ముస్లింని దెయ్యం దగ్గరికి ఎప్పుడూ మంత్రగాడిగానో, వైద్యుడిగానో పిలుస్తుంది. మామూలుగా మార్కెట్‌కి వెళ్ళి, స్కూటీకి పెట్రోలు పోయించుకుని, డ్యూటీ చేసి ఇంటికొచ్చే నర్సుగా పిలవదు. అందుకే ఒక్క మసూద అంతమంది మీద నీడలా పడింది.

ఇండోనేషియా సినిమాలు చూస్తే ఇది తెలుస్తుంది. జోకో అన్వర్ తీసిన ‘పెంగబ్ది సెతాన్’ (2017)లో పట్టుబడ్డవాళ్ళూ ముస్లింలే, పక్కింటి వాళ్ళూ ముస్లింలే, నమ్మకం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ వాళ్ళే. ఎవరూ తమ మతం మొత్తాన్ని భుజాన మొయ్యక్కర్లేదు. ఇంకోటి ‘అండర్ ద షాడో’ (2016), 1980ల యుద్ధంలో టెహ్రాన్. బాంబులు పడుతుంటే ఒక తల్లి కూతురితో ఫ్లాట్‌లో ఉంది, ఇంట్లో జిన్ను ఉంది. భయంతో పిల్లని ఎత్తుకుని తలమీద గుడ్డ లేకుండా వీధిలోకి పరిగెడితే రక్షకభటులు పట్టుకుని బట్టల గురించి మందలిస్తారు. లోపల జిన్ను, బయట వీళ్ళు. ఆ తల్లిని చూసి నాకు ఇరాన్ గుర్తురాలేదు, మా వీధిలో మనుషులే గుర్తొచ్చారు.

పాప సంగతి. ఈసారి ఆ పాప ఇంట్లో ఎవరికైనా ఇంజెక్షన్ కావలసొస్తే మీరే వెళ్ళండి. బురఖా తీసి కుర్చీ మీద వేసి, ఆ పాపనే మడతపెట్టమనండి.

నేను ట్రాన్స్‌జెండర్ మహిళని. ‘కాంచన’ వచ్చినప్పుడు హాల్లో చప్పట్లు విని ఏడ్చాను. బయటికొచ్చాక కుర్రాళ్ళు నన్ను ‘కాంచనా’ అని వెంటపడ్డారు. మీరు ఆ సినిమాని ఏమంటారు?
— పేరు వద్దన్నారు, కాకినాడ

మా షాపు అప్పటికే మూసేశాం, 2011. నేను మా అమ్మాయితో హాల్లోనే చూశాను. ఇంట్లోంచి గెంటేస్తే ఒక ముస్లిం పెద్దాయన చేరదీసిన మనిషి, తను చదవలేకపోయిన డాక్టరు చదువు తనలాంటి ఇంకో పిల్లకి చదివించిన మనిషి, స్థలం కోసం ఆమెని చంపడం. శరత్‌కుమార్ గారు ఆ పాత్ర మర్యాదగా వేశారు. సుప్రీంకోర్టు మూడో జెండర్‌ని గుర్తించిన తీర్పు ఏప్రిల్ 2014లో వచ్చింది, ఈ సినిమా దానికి మూడేళ్ళ ముందుది. హాలంతా ఆమె పక్షాన చప్పట్లు కొట్టింది. మీ కన్నీళ్ళు అబద్ధం కాదు.

కానీ ఆ హాల్లో జనానికి ఆమె నచ్చడానికి ముందు ఆమె చావాల్సొచ్చింది. ఆమె వేషం హీరో ఒంటి మీదికి వచ్చినప్పుడు మొదటి సగమంతా నవ్వు. ఆ నవ్వే మీ వెనక వీధిలోకి వచ్చింది. 2020లో హిందీలో మళ్ళీ తీశారు, అప్పుడూ ఆ పాత్రలు మగ హీరోలకే వెళ్ళాయి. తొమ్మిదేళ్ళలో ఒక ట్రాన్స్ మహిళని పిలిచి ఆ వేషం ఇద్దామని అనిపించలేదంటే నాకు కోపం వస్తుంది. థాయ్‌లాండ్‌లో 2007లో ‘హో తేవ్ తేక్’ అనే హాస్య చిత్రం వచ్చింది, తర్వాత దానికి భాగాలూ వచ్చాయి. అందులో కతోయ్‌లు, అంటే అక్కడి ట్రాన్స్ మహిళలు, ఒక హాస్టల్ నడుపుతారు, ఆ హాస్టల్‌కి దెయ్యాలొస్తాయి. హాస్యం మోటుగానే ఉంటుంది. కానీ వాళ్ళు దెయ్యాలు కారు, అద్దె వసూలు చేసుకుంటూ దెయ్యాల్ని ఎదుర్కొనే బతికున్న మనుషులు. మీరు భయపెట్టే వైపు కాకుండా, భయపడి, తట్టుకుని, పొద్దున్నే లేచి టీ పెట్టుకునే వైపు కనబడాలి.

మిమ్మల్ని ఆ పేరుతో పిలిచిన కుర్రాళ్ళని ఆ రోజు ఎవరైనా ఆపారా? ఆపి ఉంటే వాళ్ళ గురించి రాయండి.

‘ద గ్రడ్జ్’ ఇంగ్లీషుదా, జపాన్‌దా?
— ఇంటర్ విద్యార్థి, భీమవరం

జపాన్‌ది, ‘జు-ఆన్’. 2004లో అమెరికా వాళ్ళు మళ్ళీ తీయించింది కూడా అసలు దర్శకుడు తకాషి షిమిజు చేతే. ఇల్లు టోక్యోలోనే ఉంచారు, దెయ్యాన్నీ జపాన్ మనిషినే ఉంచారు, ఆ ఇంట్లోకి వచ్చి భయపడేవాళ్ళని మాత్రం అమెరికన్లని చేశారు. టోక్యోలో టోక్యో మనుషులు పక్కకి జరగాల్సొచ్చింది. రెండూ చూసి, మొగుడి చేతిలో చచ్చిన కయాకో మీద నీకు ఎందులో ఎక్కువ జాలి కలిగిందో రాయి.

దెయ్యం సినిమాల్లో మన గోదావరి వాళ్ళెవరూ లేరా?
— పాలకొల్లు నుంచి అయిదుగురు కలిసి రాశారు

మీ ఊరాయనే కదండీ! ‘అమ్మోరు’, ‘అరుంధతి’ తీసిన కోడి రామకృష్ణ గారు పాలకొల్లు బిడ్డే. తెలుగులో ఒక ఆడమనిషిని నడిమధ్యన నిలబెట్టి అంత పెద్ద దెయ్యం సినిమా తీయవచ్చని 2009లో చూపించారు.

నేను కువైట్‌లో పదకొండేళ్ళు ఇంటిపని చేశానండి. నా గదిలో ఫిలిప్పీన్ అమ్మాయి ఉండేది. ఒక రాత్రి ఫోన్లో దెయ్యం సినిమా పెట్టింది, సింగపూర్‌లో పనిమనిషి కథ. చూసి ఇద్దరం ఏడ్చాం. దెయ్యం సినిమాకి ఎందుకేడ్చామో మీరు చెప్పండి. పేరు వెయ్యొద్దు, మా కోడలు చదువుతుంది.
— సఖినేటిపల్లి మండలం నుంచి

అక్కా, ఆ సినిమా ‘ద మెయిడ్’ అనుకుంటున్నాను, 2005లో కెల్విన్ టాంగ్ తీశారు. రోసా అనే ఫిలిప్పీన్ అమ్మాయి సింగపూర్‌లో ఒక చైనీస్ కుటుంబంలో పనికి కుదురుతుంది. చైనీయుల లెక్కలో ఏడో నెల అది, పితృదేవతలకీ దిక్కులేని ఆత్మలకీ తలుపులు తెరుచుకునే నెల, మన మహాలయ పక్షాలు లాంటిది. ఆ నెలలో వీధి నాటకాలు పెడితే ముందు వరస కుర్చీలు ఖాళీగా వదిలేస్తారు, అవి చనిపోయినవాళ్ళవి. రోసాకి ఈ నియమాలు ఎవరూ సరిగ్గా చెప్పరు, తెలియక తప్పుతుంది. తనకంటే ముందు ఆ ఇంట్లో పనిచేసిన ఇంకో ఫిలిప్పీన్ అమ్మాయి ఏమైందన్నది కథ.

మీరు ఏడ్చింది దెయ్యానికి కాదు. పరాయి ఇంట్లో, భాష రాని చోట, ఏ తలుపు తెరవచ్చో ఏది తెరవకూడదో తెలియకుండా, పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో పెట్టి బతకడం ఎలా ఉంటుందో మీ ఇద్దరికీ తెలుసు. మిగతావాళ్ళకి అది కల్పన. మన కోనసీమ నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళిన ఆడవాళ్ళ డబ్బుతో ఎన్ని డాబాలు లేచాయో, ఎన్ని పెళ్ళిళ్ళు జరిగాయో మన కళ్ళముందే ఉంది. శంషాబాద్‌లో దిగిన పెట్టెలు, వాటిని తెచ్చిన అంబులెన్సులు, పెట్టె మూత తీయొద్దని చెప్పిన మాటలు కూడా మనకి తెలుసు. ఇంత జరిగినా ఆ మనుషుల మీద తెలుగులో ఒక్క దెయ్యం కథ నా కంటపడలేదు. పాడుబడ్డ బంగళాల్లో వెతుకుతున్నారు గానీ మేడమీద ఏసీ లేని గదిలో ఎవరూ వెతకలేదు.

మీకు ఇంకో సినిమా చెప్తాను. లావోస్ అనే చిన్న దేశంలో దర్శకురాలైన తొలి మహిళ మాటీ డూ. ఆవిడ 2016లో తీసిన ‘డియరెస్ట్ సిస్టర్’ని ఆ దేశం మొదటిసారిగా ఆస్కార్‌కి పంపింది. పల్లెటూరి పిల్లని, చూపు తగ్గిపోతున్న ఉన్నవాళ్ళ చుట్టం ఇంటికి సాయానికి పంపుతారు. ఆ చుట్టానికి చచ్చినవాళ్ళు కనబడి ఏవో అంకెలు చెబుతారు, అవి లాటరీ అంకెలు. చుట్టమా, పనిమనిషా అన్నది ఎటూ తేలకుండా ఆ పిల్ల ఆ ఇంట్లో తిరుగుతుంటే మీకు చాలా గుర్తొస్తుంది.

నా మాట వింటారా? మీరు రాయండి. మొదటి రోజు మీకు ఆ గది చూపించినప్పుడు మంచం మీద దుప్పటి ఎవరిది? మీకంటే ముందు అక్కడ ఎవరు పడుకున్నారు, ఏ దేశం మనిషి, గోడ మీద గీతలేమైనా గీసి వెళ్ళిందా, ఆవిడ సంగతి అడిగితే ఇంటావిడ ఏమంది? ఆ ఫిలిప్పీన్ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుంది? కోడలు చదువుతుందని దాచకండి, ఆ అమ్మాయి చేతే రాయించండి. ఎన్ని పేజీలొచ్చినా ఈ పత్రికలో చోటు ఇప్పించే పూచీ నాది.